గడ్డానికి వేలు ఆనిస్తే నిలబడే తల: ఏ డాక్టరుకు చూపించాలి?

ప్రశ్న: మాది ఒంగోలు. అమ్మకు 47 ఏళ్లు, ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ఏడాదిన్నర నుంచి తల దానంతట అదే కుడివైపుకి తిరిగిపోతోంది. మధ్యమధ్యలో ‘వద్దు వద్దు’ అన్నట్టు ఊగుతుంది కూడా. మెడ వెనక నొప్పి. ఎముకల డాక్టరు ఎంఆర్‌ఐ తీయించి, సీ5-సీ6 (మెడ ఎముకల్లో ఐదు, ఆరు) దగ్గర డిస్క్ కొంచెం ఉబ్బిందని కాలరు, ట్రాక్షన్ (మెడను పైకి లాగే చికిత్స) రాశారు. ఏమీ తగ్గలేదు. ఇంకో డాక్టరు నరాల బలహీనత అని బీ12 ఇంజెక్షన్లు చేశారు. చిత్రమేమిటంటే, గడ్డానికి వేలు ఆనించుకుంటే తల చక్కగా నిలబడుతుంది, నిద్రలో మామూలుగా ఉంటుంది. అది చూసి చుట్టాలు ‘మనసులోదే, నటిస్తోంది’ అంటున్నారు. రెండేళ్లుగా వేసుకునే గ్యాస్ బిళ్ల తప్ప వేరే మందులేవీ లేవు. ఏ స్పెషలిస్టుకు చూపించాలి? హైదరాబాదా, వెల్లూరా, బెంగళూరా? కుట్టుపని మానేయాలా?

జవాబు: ముందు చుట్టాల సంగతి తేల్చేద్దాం. గడ్డానికి వేలు ఆనించగానే తల నిలబడటం నటన కిందకు రాదు. మెదడు ఇచ్చే తప్పు ఆదేశంతో మెడ కండరాలు వాటంతట అవే లాగేసే మెడ డిస్టోనియా అనే జబ్బులో డాక్టర్లు ప్రత్యేకంగా వెతికే గుర్తే అది. ఈ జబ్బున్న వాళ్లలో చాలామందికి ఇలాంటి కిటుకు ఒకటి తెలియకుండానే అలవాటవుతుంది. ఒకరు చెంప మీద చెయ్యి వేసుకుంటారు, ఒకరు తల వెనక భాగాన్ని గోడకు ఆనిస్తారు, ఇంకొకరు మెడచుట్టూ తువ్వాలు వేసుకుంటారు. బలంగా నెట్టక్కర్లేదు, తాకితే చాలు. నిద్రలో తల మామూలుగా ఉండటం కూడా ఈ జబ్బు తీరే. ఉత్తరం చదివి జబ్బుకు పేరు పెట్టేయడం సరికాదు గానీ, మీరు రాసినవన్నీ అటువైపే చూపిస్తున్నాయి.

ఇంట్లోనే ఒకటి చూడండి. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, తలను పట్టి ఆపకుండా అది ఎటు పోతే అటు పోనివ్వమనండి. ఎడమ చెవి వెనక ఎముక నుంచి గొంతు కింద గుంట దాకా ఏటవాలుగా దిగే కండరం ఒకటుంటుంది. తలను కుడికి తిప్పేది ఎడమవైపున్న ఆ కండరమే. దానికి తోడు మెడ వెనక కుడిపక్కన ఉండే కండరం లాగుతుంది. వేళ్లతో తడిమితే ఎడమవైపుది తాడులా బిగుసుకుని, కుడివైపు దానికన్నా లావుగా తగులుతుందేమో చూడండి. నొప్పి ఎక్కువగా వెనక కుడిపక్కనే ఉంటే అదీ ఈ లెక్కకే సరిపోతుంది.

మరి ఎంఆర్‌ఐలో కనిపించిన డిస్క్? నలభై దాటిన వాళ్లకు, అందులోనూ రోజంతా మెడ వంచి పనిచేసే వాళ్లకు, సీ5-సీ6 దగ్గర కాస్త ఉబ్బు కనిపించడం మామూలే. ఏ బాధా లేనివాళ్లకు తీసినా చాలామందిలో ఉంటుంది. చేయి లాగడం, తిమ్మిర్లు, పట్టు తగ్గడం లాంటివి డిస్క్ వల్ల రావచ్చు గానీ, తలను పట్టి ఒకవైపుకు తిప్పే పని డిస్క్ చేయదు. డిస్టోనియాలో తప్పు ఆదేశం మెదడు లోపలి నుంచి వస్తుంది, అయినా మెదడు స్కాన్ సాధారణంగా నార్మల్‌గానే ఉంటుంది. అందుకే ఈ జబ్బు ఫిల్ములో దొరకదు. చూసి అలవాటున్న కంటికే దొరుకుతుంది. బీ12 తక్కువుంటే ఇంజెక్షన్లు మంచివే, కానీ వాటితో మెడ తిరగడం ఆగదు. ట్రాక్షన్ ఆపేయండి. పైకి లాగేకొద్దీ ఈ కండరాలు ఇంకా మొండికేయవచ్చు.

ఇక ఎవరికి చూపించాలి? మన ఊళ్లలో ‘నరాల డాక్టర్’ అనే బోర్డు కింద ఇద్దరు వేర్వేరు మనుషులుంటారు. పేరు పక్కన ఎంసీహెచ్ ఉంటే న్యూరోసర్జన్, ఆపరేషన్లు చేసేవారు. డీఎం న్యూరాలజీ గానీ, డీఆర్‌ఎన్‌బీ న్యూరాలజీ గానీ ఉంటే న్యూరాలజిస్టు, మందులతో చూసేవారు. కొంతమంది న్యూరోఫిజీషియన్ అని రాసుకుంటారు. మీకు కావలసింది ఈ రెండో రకం. వాళ్లలో కొందరు ఆ తర్వాత మూవ్‌మెంట్ డిజార్డర్స్‌లో ఏడాది, రెండేళ్లు ఫెలోషిప్ చేస్తారు. పార్కిన్సన్స్, వణుకుడు, డిస్టోనియా, కొరియా (కాళ్లూ చేతులూ అదుపు లేకుండా ఆడే జబ్బు) లాంటి కదలికల జబ్బులే వాళ్ల రోజువారీ పని. బోర్డు మీద రాసుకున్న డిగ్రీ నిజమో కాదో అనుమానం వస్తే, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుతో వెతకొచ్చు.

మీరు హైదరాబాదా, వెల్లూరా అని ఊళ్ల పేర్లు అడిగారు. ఊరు గానీ, ఆసుపత్రి ఎత్తు గానీ ఇక్కడ పెద్దగా పనికిరావు. అదే ఆసుపత్రిలో పక్షవాతం చూసే న్యూరాలజిస్టు, ఫిట్స్ చూసే న్యూరాలజిస్టు, కదలికల జబ్బులు చూసే న్యూరాలజిస్టు వేర్వేరుగా ఉంటారు. ‘న్యూరాలజీలో అపాయింట్‌మెంట్ ఇవ్వండి’ అంటే ఆరోజు ఖాళీగా ఉన్నవారి దగ్గర టోకెన్ ఇస్తారు. మీరు ఒంగోలు నుంచి రాత్రి రైలెక్కి వెళ్లింది అందుకు కాదు కదా! కాబట్టి ముందు ఫోన్ చేయండి. ఈ జబ్బుకు ప్రధాన చికిత్స బొటాక్స్, అంటే అతిగా లాగే కండరాన్ని సడలించే ఇంజెక్షన్, దాని సంగతి కింద చెబుతాను. రిసెప్షన్‌లో తెలియదంటే న్యూరాలజీ ఓపీకి కలపమనండి. అడగవలసినవి ఇవి: మీ దగ్గర మూవ్‌మెంట్ డిజార్డర్ క్లినిక్ ఉందా, వారంలో ఏ రోజు? మెడ డిస్టోనియాకు బొటాక్స్ ఇంజెక్షన్ ఎవరు చేస్తారు, ఆ డాక్టరే ఓపీలో చూస్తారా? నెలలో సుమారు ఎన్ని చేస్తారు? ఈఎంజీ (కండరంలోని విద్యుత్తును చూపే యంత్రం) గానీ అల్ట్రాసౌండ్ గానీ చూస్తూ చేస్తారా, చేత్తో తడిమి చేస్తారా? నెలలో ఎన్ని అన్న ప్రశ్నకు వచ్చే జవాబుతోనే విషయం తెలిసిపోతుంది. రోజూ చేసేచోట తడుముకోకుండా చెబుతారు. ‘బొటాక్స్ అంటే స్కిన్ డిపార్ట్‌మెంట్ అండీ’ అన్నారంటే ఫోన్ పెట్టేసి ఇంకోచోటకు చేయండి.

ప్రభుత్వ రంగంలో కదలికల జబ్బులకు పేరున్నవి హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్, బెంగళూరులో నిమ్హాన్స్, తిరువనంతపురంలో శ్రీచిత్ర. ఫీజు తీసుకునే చోట్లలో వెల్లూరు సీఎంసీకి మనవాళ్లు ఎప్పటినుంచో వెళ్తూనే ఉన్నారు. మీకు దగ్గరగా గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్, ఇటు తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగాలున్నాయి. పెద్ద సంస్థల్లో మొదటి రోజే స్పెషల్ క్లినిక్‌లోకి పంపరు. జనరల్ న్యూరాలజీ ఓపీలో చూసి, అక్కడి నుంచి తేదీ ఇస్తారు. రెండు రోజులు ఉండేలా బయల్దేరండి.

నా మాట వింటే మొదటి అడుగు ఒంగోలులోనో గుంటూరులోనో ఉన్న డీఎం న్యూరాలజిస్టుతో వేయండి. వారు ‘డిస్టోనియా’ అన్న మాట తమంతట తామే అని, ఇంజెక్షన్ తామే చేస్తామంటే అంతకన్నా హాయి లేదు, ఎందుకంటే ఇది మూడు నెలలకోసారి వెళ్లాల్సిన పని. చేయకపోతే రిఫరల్ ఉత్తరం రాయించుకోండి. రెండు సార్లు చూపించాక కూడా డిస్క్ దగ్గరే తిరుగుతుంటే మొహమాటపడకుండా ముందుకు వెళ్లండి. మెడ ఆపరేషన్ మాట ఎవరైనా ఎత్తితే, డిస్టోనియా ఉందో లేదో తేలేదాకా ఒప్పుకోవద్దు. తిరుగుతున్న మెడలో డిస్క్ ఆపరేషన్ చేస్తే తిరగడం తగ్గదు సరికదా, ఆపరేషన్ చేసిన చోటు కుదురుగా మానకపోవచ్చు.

ఇప్పుడు మీరు ఆఖర్న యథాలాపంగా రాసిన గ్యాస్ బిళ్ల. ఈ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ ఆపింది అదే. తల కుడికి తిరిగిపోవడం ఏడాదిన్నర నుంచి, బిళ్ల రెండేళ్ల నుంచి అన్నారు, అంటే బిళ్ల ముందు మొదలైంది. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఏ మందులున్నాయో చదవండి. రాబెప్రజోల్‌తోనో, పాంటాప్రజోల్‌తోనో కలిపి లెవోసల్పిరైడ్ అని ఉందా? పేరు చివర ‘ఎల్’ ఉన్నవాటిలో తరచుగా అది ఉంటుంది, ‘డి’ ఉంటే సాధారణంగా డాంపెరిడోన్. అయినా పేరును నమ్మకుండా లోపలి మందు చూడండి. లెవోసల్పిరైడ్ కడుపుకే అనుకుంటాం గానీ, అది మెదడులో కదలికలను నడిపే రసాయనం డోపమిన్‌ను కూడా అడ్డుకుంటుంది. నెలల తరబడి వాడితే కొందరిలో వణుకు, నడక మందగించడం, నోరు ఊరికే నమలడం, మెడ తిరగడం మొదలవుతాయి. వాంతుల మందు మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు వాడే ప్రోక్లోర్‌పెరజిన్ కూడా ఈ జాతివే. తలతిరుగుడు బిళ్ల సిన్నరిజిన్, మైగ్రేన్‌కు వాడే ఫ్లూనరిజిన్ పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెచ్చిపెట్టే సందర్భాలున్నాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకుని ఏళ్లకేళ్లు మింగేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు.

అమ్మగారి బిళ్లలో లెవోసల్పిరైడ్ ఉంటే, రాసిన డాక్టరుతో మాట్లాడి అది లేని ఎసిడిటీ మందుకు మార్పించుకోండి. మానేసిన వారంలోనే మెడ చక్కబడుతుందని ఆశపడొద్దు. నెలలు పట్టవచ్చు, మొదట్లో కాస్త పెరిగినట్టూ అనిపించవచ్చు, కొందరిలో పూర్తిగా పోదు. ఒకవేళ మానసిక వైద్యుడు రాసిన మందు ఏదైనా వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపనే ఆపకండి. ఖాళీ స్ట్రిప్పు పారేయకుండా న్యూరాలజిస్టు దగ్గరకు పట్టుకెళ్లండి. ‘గ్యాస్ బిళ్లే కదా’ అని చెప్పకుండా వదిలేస్తే జబ్బుకున్న ఒక కారణం అసలు లెక్కలోకే రాదు.

ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలో, పది నిమిషాలో. పైగా కొత్త మనిషి ముందు కూర్చోగానే తల కాసేపు నిలబడిపోవడం, లేదా ఆత్రుతకు మామూలుకన్నా ఎక్కువ తిరగడం రెండూ జరుగుతాయి. అందుకని ఇంటి దగ్గరే ఫోన్‌లో వీడియో తీసుకోండి, మొత్తం మూడు నిమిషాలు మించొద్దు. పగటి వెలుతురులో, వీపు ఆనని స్టూలు మీద కూర్చోబెట్టి, నడుము నుంచి తల పైదాకా కనిపించేలా ఫోన్‌ను దేనికైనా ఆనించండి, చేత్తో పట్టుకుంటే వణుకు ఎవరిదో తెలియదు. జుట్టు పైకి ముడి వేయండి, మెడ మీద పైట, చున్నీ లేకుండా చూడండి. మొదట కళ్లు మూసుకుని తలను దాని ఇష్టానికి వదిలేయాలి, అర నిమిషం. తర్వాత కళ్లు తెరిచి నిటారుగా పెట్టి ఉంచే ప్రయత్నం, ఒక నిమిషం, ఇందులోనే వణుకు బయటపడుతుంది. తర్వాత నెమ్మదిగా పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి, కిందికి, పైకి. తర్వాత గడ్డానికి వేలు ఆనించడం, తీయడం, రెండుసార్లు. రెండు చేతులూ ముందుకు చాచి పది సెకన్లు. కాగితం మీద ఒక వాక్యం రాయడం. లేచి పది అడుగులు నడిచి, తిరిగి రావడం. చివర్లో మిషన్ మీద కుడుతుండగా ఇరవై సెకన్లు. ఏ పనిలో పెరుగుతుందో, ఏ పనిలో తగ్గుతుందో డాక్టరుకు అది చాలా చెబుతుంది. మేకప్పు, పాటలు, ఫిల్టర్లు ఏవీ వద్దని వేరే చెప్పాలా!

దాంతోపాటు ఒక కాగితం. ఎప్పుడు మొదలైంది, ముందు ఏం కనిపించింది, ఇప్పటిదాకా వాడిన మందులు తేదీలతో, ఇంట్లో ఇంకెవరికైనా వణుకు గానీ, మెడ, చెయ్యి, కళ్లు ఇలా లాగడం గానీ ఉందా. అమ్మగారి తల్లిదండ్రులది మేనరికమా అన్నది కూడా అడుగుతారు. ఎంఆర్‌ఐ రిపోర్టు ఒక్కటే కాకుండా ఫిల్ములు లేదా సీడీ తీసుకెళ్లండి.

పరీక్షల విషయానికొస్తే, యాభై లోపు మొదలైన డిస్టోనియాలో విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయేది) లేదని తేల్చుకోవడానికి చాలామంది న్యూరాలజిస్టులు రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి, కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష రాస్తారు. అమ్మగారి వయసులో అది ఉండే అవకాశం తక్కువే అయినా, మందుతో అదుపులోకి వచ్చే జబ్బు గనుక వదిలేయరు. థైరాయిడ్ కూడా చూస్తారు. మళ్లీ మెడ ఎంఆర్‌ఐ తీయాలంటే మాత్రం ఎందుకో అడగండి.

డిస్టోనియాయే అని తేలితే ప్రధాన చికిత్స బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్, బొటాక్స్, డిస్పోర్ట్ దాని బ్రాండు పేర్లే. అతిగా పనిచేస్తున్న కండరాలను ఎంచి, వాటిలోకే సన్నటి సూదితో నాలుగైదు చోట్ల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోట్ల ఇస్తారు. పావుగంట, అరగంట పని, అదేరోజు ఇంటికి రావచ్చు. గుణం మూడో రోజు నుంచి రెండు వారాల లోపు మొదలై, నెల నెలన్నర దగ్గర బాగా కనిపించి, మూడు నెలలకు తగ్గిపోతుంది. మళ్లీ చేయించుకోవాలి. పన్నెండు వారాలకన్నా ముందు మళ్లీ చేయమని డాక్టరును బతిమాలవద్దు, ఒంట్లో దానికి విరుగుడు తయారై మందు పనిచేయకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది. బొటాక్స్ అయితే మెడకు మొత్తం 100 నుంచి 300 యూనిట్ల మధ్య వాడతారు. డిస్పోర్ట్ అయితే 500 దగ్గర మొదలవుతుంది. రెండింటి యూనిట్లూ ఒకటి కావు, కాబట్టి ‘అక్కడ 500 వేశారు, ఇక్కడ 200 వేశారు’ అని పోల్చుకుని కంగారు పడొద్దు.

మొదటి విడతలో గుణం అంతంతమాత్రంగా ఉండటం తరచూ జరిగేదే. మోతాదు తక్కువగా మొదలుపెడతారు, ఏ కండరం ఎంత లాగుతోందో తేలడానికి రెండు మూడు విడతలు పడుతుంది. ఒక్కసారి చేయించుకుని ‘పనిచేయలేదు’ అని డాక్టరును మార్చేస్తే కొత్తాయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే ప్రతిసారీ రాతపూర్వకంగా తీసుకోండి: ఏ బ్రాండు, ఏ కండరంలో, ఏ వైపు, ఎన్ని యూనిట్లు, ఎన్ని మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపారు. ఆ కాగితం లేకుండా ఆసుపత్రి నుంచి బయటకు రాకండి. మందు చల్లదనంలోనే ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీలు. బయట షాపులో కొని తెమ్మంటే ఐస్ ప్యాకు పెట్టిన డబ్బాలోనే తెచ్చి, బిల్లు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూసుకోండి.

ముందు గొంతు భాగంలో మోతాదు ఎక్కువైతే మింగడం కష్టమవుతుంది, ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో. మెత్తని అన్నం, చిన్నచిన్న గుక్కలతో సాధారణంగా గడిచిపోతుంది. మాట ముద్దగా రావడం, ఊపిరి అందకపోవడం ఉంటే మాత్రం వెంటనే క్యాజువాలిటీకి వెళ్లాలి. వెనక కండరాల్లో ఎక్కువైతే తల కొన్నాళ్లు ముందుకు వాలుతుంది. మయస్తీనియా (కండరాలు త్వరగా అలిసి నీరసించే) జబ్బు ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు జరుగుతున్నా ముందే చెప్పాలి. బిళ్లల్లో ట్రైహెక్సీఫెనిడిల్, క్లోనజెపామ్, బాక్లోఫెన్ రాస్తారు. మెడ డిస్టోనియాలో వీటి సాయం కొంతే. మొదటిదానితో నోరెండడం, మలబద్ధకం, మరపు రావచ్చు. వాడటం మొదలుపెట్టాక ఏదీ హఠాత్తుగా ఆపకూడదు. ఇంజెక్షన్లకు లొంగని కొద్దిమందికి మెదడులో సన్నటి తీగ పెట్టి విద్యుత్తు పంపే డీబీఎస్ ఆపరేషన్ ఉంది, ఆ మాట ఇప్పుడు మీకు అక్కర్లేదు.

ఖర్చు దాచేదేం లేదు. వయల్ ధర వేలల్లో ఉంటుంది, ఏడాదికి నాలుగు విడతలు. మందు ధర, చేసిన ఫీజు విడివిడిగా అడగండి. ఆరోగ్య పథకం కింద ఈ ఇంజెక్షన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని పథకం హెల్ప్ డెస్క్‌లో చేయించుకోకముందే అడగాలి, తర్వాత అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. రాకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు చేసుకునే దారి ఉంది, అసలు బిల్లులు జాగ్రత్త. ఇన్సూరెన్స్ ఉంటే డే కేర్ కింద ముందస్తు అనుమతి అడగండి. ‘బొటాక్స్’ పేరు చూసి అందం కోసం అనుకుని తిప్పికొట్టే అవకాశం ఉంది, డాక్టరు ఉత్తరంలో జబ్బు పేరు స్పష్టంగా రాయించండి.

మెడ విరిచేవాళ్ల దగ్గరకు, టకటక శబ్దం వచ్చేలా తిప్పేవాళ్ల దగ్గరకు ఎవరు చెప్పినా తీసుకెళ్లకండి. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఇంకొకటి, జ్వరంతోనో దెబ్బ తగిలాకో మెడ ఒక్కసారిగా పట్టేసినా, కాళ్లూ చేతుల్లో పట్టు తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా, వాంతుల ఇంజెక్షన్ తర్వాత గంటల్లోనే మెడ, కళ్లు, దవడ లాగేసినా స్పెషలిస్టు తేదీ కోసం ఎదురుచూడకుండా క్యాజువాలిటీకి వెళ్లాలి. అమ్మగారిది ఏడాదిన్నరగా నెమ్మదిగా వచ్చింది, నెల ఆగినా ఏమీ కాదు. నిదానంగా సరైన తేదీ తీసుకోండి.

కుట్టుపని మానక్కర్లేదు. తల కుడికి పోతుంది గనుక మిషన్‌కు తిన్నగా ఎదురుగా కూర్చుని తలతో పోట్లాడటం కంటే, స్టూలును కొంచెం ఎడమకు తిప్పుకుని కూర్చుంటే తల దాని దారిన ఉండగానే సూది ఎదురుగా వస్తుంది. మిషన్ కింద చెక్క పెట్టి ఎత్తు పెంచితే మెడ వంపు తగ్గుతుంది. స్టూలు బదులు తల ఆనే ఎత్తు వీపున్న కుర్చీ వేయండి, చాలామందికి తల వెనక ఏదైనా తగిలితే వేలు ఆనించినట్టే పనిచేస్తుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అరగంటకోసారి లేచి ఐదు నిమిషాలు పడుకుని తలకు విశ్రాంతి ఇవ్వమనండి. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి కూర్చుని గడువుకు కుట్టే ఆర్డర్లు మాత్రం, మొదటి ఇంజెక్షన్ గుణం కనిపించేదాకా, ఎవరికైనా అప్పగించేయండి.